దిగను మామా

వానకు అరబ్బు దేశపు జహ్రాలో ఎలీసమ్మ పనిచేసే ఇంటి సర్దాబ్‌లో, నేల కింది గదుల్లో, మోకాటిలోతు నీళ్లు చేరాయి.

"ఎలీసమ్మా, దిగి తివాచీలు పైకి తే," అంది పనివాళ్లంతా 'మామా' అని పిలిచే యజమానురాలు.

"కరెంటు తీసేదాకా దిగను మామా." ఆరేళ్లలో ఎలీసమ్మ కాదనడం ఇదే మొదలు.

మామా కోపంగా తనే దిగబోయింది. ఎలీసమ్మ ఆమెను వెనక్కి లాగింది. అంతలోనే నీళ్లలోని ఫ్రీజర్ దగ్గర నిప్పురవ్వలు లేచాయి.

డ్రైవర్ హుస్సేన్ వలి మెయిన్ ఆపేసి పరుగెత్తుకొచ్చాడు. "ఎవురూ దిగలేదు గదక్కా?"

"లేదు తమ్ముడూ."

మామా నీళ్లకేసి చూసింది. "నువ్వు పడుకునేది ఇక్కడే కదా. ఈ నీళ్లు రాత్రిపూట వచ్చుంటే?"

"పోయిన వానకి రాత్రే వచ్చాయి మామా. పరుపు తడిసి మెలకువొచ్చింది."

"చెప్పలేదేం?"

"చెప్పాను. తివాచీలు తడిశాయా అని అడిగారు."

మామా పైకి వెళ్లి అతిథుల గది తాళం తీసింది.