వేళకాని చప్పట్లు

హార్లన్ ఫోర్క్ కాలేజీ జిమ్‌లో ఆ శనివారం బాస్కెట్‌బాల్ ఆటలో కూడా అదే తంతు.

మా అమ్మాయిలు బంతిని బుట్టలో వేశారు. హాలంతా లేచి నిలబడింది.

మూడో వరసలో ఆర్డిత్ వెల్డ్‌హౌస్ ఒక్కావిడే లేవలేదు. కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుకుంటోంది.

మరుక్షణం అవతలి జట్టులోని పదిహేడో నంబరు పిల్ల మా బుట్ట వైపు దూసుకొచ్చింది. మా జట్టు మారిట్ స్టోవ్ అడ్డంగా జరిగి దారి మూసేసింది. ఆ పిల్ల విధిలేక బంతిని వెనక్కి ఇచ్చేసింది.

చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. సరిగ్గా అప్పుడు ఆర్డిత్ చప్పట్లు కొట్టింది.

కుర్రకారు నవ్వుకున్నారు. ఆవిడ సంగతి కాలేజీలో అందరికీ తెలిసిందే. స్కూలు వంటింట్లో పనిచేసి రిటైరైన మనిషి. ఇక్కడ ఆడపిల్లల జట్టు పెట్టిన ఏడు మొదలు ముప్ఫై ఒక్క సీజన్లు, రోడ్ల మీద మోకాలి లోతు మంచు పడ్డా ఒక్క ఆట మానలేదు. వచ్చినప్పుడల్లా ఐస్‌క్రీం డబ్బా నిండా కేకు ముక్కల్లాంటి గుమ్మడికాయ బార్లు చేసి తెచ్చేది.

ఇన్నేళ్ళు చూసినా ఆవిడకి ఆట మాత్రం బోధపడలేదని అందరి నమ్మకం.

సగం ఆట కాగానే జట్లు వైపులు మారతాయి. వాళ్ళతోపాటు ఈవిడ కూడా సంచీ సర్దుకుని హాలు అవతలి చివరికి పోయేది. తన సీటు మరిచిపోయింది పాపం అని, టికెట్లు చూసే పెద్దమనిషి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టేవాడు. ఆయన అటు తిరగ్గానే ఈవిడ మళ్ళీ లేచి వెళ్ళేది.

మారిట్‌కి ఆ చప్పట్లు వింటే ఒళ్ళు మండేది.

మూడేళ్ళుగా జట్టులో ఉంది. ఆటకి రెండు పాయింట్లు వేస్తే గొప్ప. "మైకులో నీ పేరు వినాలంటే నువ్వు కిందపడి దెబ్బైనా తగిలించుకోవాలి" అని ఇంట్లో నాన్న ఆటపట్టించేవాడు. ఆయన సరదాకే అనేవాడు. ఆ పిల్లకే గుచ్చుకునేది.

ఇంకో ఏడాది ఆడే అవకాశం ఉన్నా, జట్టు వదిలేద్దామని నిశ్చయించుకుంది. చిన్నప్పటి నుంచి తనకి తెలిసిన సంతోషం ఆ ఆటొక్కటే. అయినా సోమవారం జెర్సీ తిరిగిచ్చేయాలనుకుంది.

ఆట అయ్యాక కారిడార్లో ఆర్డిత్ ఆపింది.

"ఆ పదిహేడో నంబరు పిల్ల మామూలుగా ఇరవై పాయింట్ల దాకా వేస్తుందమ్మా. ఇవాళ నాలుగే వేసింది. చూసుకున్నావా?"

ఆ నాలుగూ ఎందుకు వేయనిచ్చావని దెప్పుతోందనుకుంది మారిట్.

"మామ్మగారూ, మీ జన్మలో ఒక్కసారైనా ఆటలో బంతి బుట్టలో వేశారా?"

పెద్దావిడ ఆ ప్రశ్నని నిజంగానే ఆలోచించింది.

"లేదమ్మా. ఒక్కటీ వేయలేదు."

"మరి నాకెందుకు చెబుతారు?"

ఆర్డిత్ ముఖం చిన్నబోయింది. ఒక బార్ కాగితంలో చుట్టి ఆ పిల్ల చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం మారిట్ జెర్సీ ఇచ్చేసింది. కోచ్ డెనిస్ హ్రుస్కా దాన్ని తీసుకుంది. బీరువాలో పెట్టి తాళం వేసింది.

గురువారం పొద్దున ఆర్డిత్ గుండె ఆగి పోయింది.

అంత్యక్రియలకి జట్టంతా వచ్చింది. మారిట్ కూడా వచ్చింది. చర్చి కింద హాల్లో హామ్ బన్నులు, కాఫీ. గోడవారన ఒక అట్ట మీద ఆవిడ ఫోటోలు అతికించి పెట్టారు.

ఒక ఫోటోలో సాటిన్ నిక్కర్లు వేసుకున్న స్కూలు పిల్లలు ఆరుగురు బంతి పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకతె ఆర్డిత్.

జట్టుకి ఐదుగురుండాలి కదా, ఆరుగురేమిటని మారిట్ కోచ్‌ని అడిగింది.

"అప్పట్లో మన అయోవా రాష్ట్రంలో ఆడపిల్లలు ఆడింది ఆ ఆటే. కోర్టు మధ్యలో గీత. వేసే ముగ్గురూ అటు, ఆపే ముగ్గురూ ఇటు. గీత దాటకూడదు. ఆర్డిత్ ఆపే పిల్ల. ఆవిడని ఎప్పుడూ బుట్టలో వేయనివ్వలేదు."

స్కూలు చదువు అయ్యేసరికి ఆవిడకి ఆడే చోటు లేకుండా పోయిందట. కాలేజీలో ఆడపిల్లల జట్టు పెట్టేనాటికి ముప్ఫై అయిదేళ్ళ వయసు, ఇద్దరు పిల్లలు. వెళ్ళి టికెట్ కొనుక్కుంది. మా జట్టు ఏ వైపు అడ్డుకుంటుంటే ఆ వైపు కూర్చుని చూసేది. ఇన్నేళ్ళూ పై వరసల్లోనే ఉండేదనీ, మూడేళ్ళ కిందట మారిట్‌ని చూశాక ఈ పిల్ల కాళ్ళు దగ్గరనుంచి చూడాలని కిందికి దిగిందనీ కోచ్ చెప్పింది. తన సంగతి ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుందట.

కారిడార్లో తానన్న మాట మారిట్ కోచ్‌కి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. కోచ్ ఓదార్చలేదు. క్షమించమని అడగడానికి మనిషి లేదు.

"రేపు ప్రాక్టీసుకి రావచ్చా?"

"మూడున్నరకి."

మారిట్ మళ్ళీ ఫోటో వైపు తిరిగింది.

"ఆవిడ అంత బాగా ఆడేదా, కోచ్?"

"ఆటకి నలభై పాయింట్లు వేసే పిల్ల ఒకతె ఉండేది, రాష్ట్రమంతా పేరున్న పిల్ల. ఫైనల్లో ఆర్డిత్ ఎదురుపడితే తొమ్మిది వేసి ఏడుస్తూ ఇంటికెళ్ళింది. మర్నాడు పేపర్లో ఆర్డిత్ పేరే లేదు. ఆ ఓడిన పిల్ల మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆర్డిత్‌ని మించిన ఆటగత్తెని చూడలేదనేది," అంది కోచ్. "ఆ పిల్ల మా అమ్మ."