తిరగేసిన ఊరి ముద్ర

ఆ టేకు చెక్క ఒకసారి గడప దాటి వెనక్కి పోతే తమ ఇంటికి ఇంకో పని రాదు. హైమ అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దానికే. ఇప్పుడు అదే జరిగేట్టుంది.

మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడాది అది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కొత్త బోర్డులు పెట్టుకుంటున్నాయి. ఒక మునిసిపాలిటీ నుంచి వచ్చిన కన్నియప్పన్ చెక్కను గోడకు ఆనించి వేలుపెట్టి చూపిస్తున్నాడు. మీటింగ్ హాలులో ఛైర్మన్ కుర్చీ వెనక పెట్టాల్సిన ఊరి ముద్ర. పడవ, దాని కింద రెండు చేపలు, ఆ కింద ఊరి పేరు. పొలుసులు చేతికి తగిలేంత ఎత్తుగా వచ్చాయి. కాకపోతే కుడికి పోవాల్సిన పడవ ఎడమకు పోతోంది. ఊరి పేరు అద్దంలో తప్ప చదవలేరు.

వాషర్‌మెన్‌పేటలో ఆ ఇంటిది చీరల అద్దకం అచ్చులు చెక్కే వృత్తి. గుడ్డ మీద బొమ్మ సరిగా పడాలంటే అచ్చును తిరగేసే చెక్కాలి. ఆ అలవాటులో ఇదీ అట్లాగే అయిపోయింది.

ఇంటివాళ్ళు చెప్పిన ఆ మాట కన్నియప్పన్ వినిపించుకోలేదు. హైమ మామ వరదరాజులు ముఖం మీదే, ఊరి గౌరవాన్ని ముసలివాడి చేతిలో పెట్టడం తన బుద్ధితక్కువ అన్నాడు. మైలాపూరులో వేరే మనిషిని చూసుకున్నానన్నాడు. వరదరాజులు తల వంచుకుని అన్నీ పడ్డాడు.

హైమకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయన్ని అనబాకండి సార్. వెనకవైపు నున్నగానే ఉండాది గదా. తిప్పి చెక్కితే సరిపోతుంది."

"చెక్కడం గురించి నీకేం తెలుసమ్మా? లోపలికి పో."

ఆమె మామ వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. లోపల పాప గుక్కపట్టింది. గుమ్మం తెరను విసురుగా లాగి వెళ్ళిపోయింది.

కన్నియప్పన్ చెక్కను బోర్లా తిప్పి ముసలాయన ముందు పడేశాడు.

"నా కళ్ళెదుట ఒక్క అక్షరం తిన్నగా చెక్కు పెద్దాయనా. లేదంటే బండి పిలుస్తా."

వరదరాజులు ఉలి అందుకున్నాడు. చెక్కను అరచేత్తో తడిమాడు. ఉలి మొన చెక్క మీద ఆనలేదు, వణుకుతూ పక్కకు జారింది. దాన్ని కింద పెట్టి, తెర వైపు చెయ్యి చూపించాడు.

"చెక్కే మనిషి బిడ్డకు పాలిస్తా ఉండాది, అయిందేమో కేకేసి అడగండి సార్."