ఒంటిచేతి ఫోటోలు

మాస్టారి ఫోటోల్లో ఎప్పుడూ ఒకే ఒక్క అక్షరం ఉంటుంది. గోడ మీద రంగుతో రాసిన పాత అక్షరం, పెచ్చులూడిన సున్నంతో సహా, ముక్కు ఆనించి చూసినంత దగ్గరగా.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఈ పిచ్చి పట్టి ఏడాదైంది. మొదటిరోజు బజార్లో "ఇప్పుడే వస్తా" అని మాయమై, ఓ భవనం వెనకనుంచి వస్తూ భార్యకు దొరికిపోయారు. ఆవిడ వీధి శుభ్రత సంఘానికి అధ్యక్షురాలు. ఆ హోదా ఇంట్లోనూ చెల్లుతుంది. అక్కడేం పని అని నిలదీస్తే ఆయన ఫోన్ చూపించారు. అందులో 'త్ర' అనే అక్షరం.

"ఎంత బాగుందో చూడు. ఇక ఆగలేకపోయాను."

అప్పట్నుంచి ఏ వీధికెళ్లినా అదే తంతు. మాయమవుతారు, కాసేపటికి ఓ కొత్త ఫోటోతో, తేలికపడ్డ మొహంతో తిరిగొస్తారు. మొగుడు ఎందుకూ కొరగాడని ఏనాడో తేల్చేసిన ఆవిడ ఇప్పుడు చుట్టాలకు ఆ ఫోటోలు చూపించి మురిసిపోతోంది. పొద్దున్నే కాఫీ అడక్కుండానే వస్తోంది. మాస్టారికి ఆ వైభోగం బాగా అలవాటైపోయింది.

కోడలు ఊరుకోకుండా ఫోటోలను ప్రదర్శనకు పెట్టింది. విమర్శకులు ఎగబడ్డారు. గోడతో ఇంత చనువు ఇంకెవరికీ లేదన్నారు ఒకరు. ఫోటోల్లో కనిపించే ఆ చిన్న వణుకులో నగరపు వేదన ఉందన్నారు ఇంకొకరు. వణుకెందుకని అడిగితే, ఒంటిచేత్తో తీస్తానని మాస్టారు నిజమే చెప్పారు. దానికీ చప్పట్లు కొట్టారు.

తంటా అంతా ప్రదర్శనలో ఆయనకు ప్రకటించిన బహుమతితో వచ్చింది. ఇవి కంప్యూటర్లో పుట్టించినవి కావని రుజువు కావాలి, ఒక్క గోడైనా చూపించండి అన్నారు నిర్వాహకులు. మాస్టారు జ్వరమన్నారు. దారి మర్చిపోయానన్నారు. గోడలన్నీ కూల్చేశారన్నారు. కాఫీ కళ్లముందే చల్లారిపోతున్నట్టనిపించింది ఆయనకు.

"ఆ మొదటి భవనం నాకు తెలుసు, నేను చూపిస్తా. మా ఆయన్ని దొంగంటే ఊరుకుంటానా?" అంది భార్య.

జనాన్ని వెంటేసుకుని ఆవిడే ముందు నడిచింది. మాస్టారు అందరికన్నా వెనక, కాళ్లీడ్చుకుంటూ. భవనం వెనక ఇరుకు సందులో అందరూ గోడకు అడ్డంగా మూగి, 'త్ర'ను తడిమి తడిమి చూసి ఆహా అన్నారు. గోడ మొత్తం ఫోటోలో పడాలి, కాస్త తప్పుకోండి అన్నాడు పత్రిక ఫోటోగ్రాఫరు.

జనం తప్పుకున్నాక, అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుని, ఆ 'త్ర'కు అటూ ఇటూ ఉన్నదంతా కలిపి పైకే చదివింది: "ఇచ్చట మూత్రము పోయరాదు."