అప్పగింత

"మీ కోడు వల్ల మా అంబులెన్సుల్లో మ్యాపు ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఫిర్యాదులు రాస్తున్నాను, పలకరేం?" ఫోనులో నిలదీసింది మార్లిస్. మేనేజరు కర్టిస్ ఆమె కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

అవతల వెండెల్. అతను ఎప్పుడో సరదాకి రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్లో పెట్టిన చిన్న ప్రోగ్రాం అది. డులూత్‌ ఊళ్ళో అంబులెన్సులు నడిపే వీళ్ళ కంపెనీ దానిమీదే మేడ కట్టుకుంది.

"పడవ మోటారు విప్పుకుని కూర్చున్నానమ్మా. కోడు రాయడం మానేసి చాలా కాలమైంది."

"మానేస్తే ఎలా? మిమ్మల్ని నమ్ముకున్నాం!"

"నమ్ముకున్నట్టు నాకెవరూ చెప్పలేదే! ఇన్నేళ్ళలో ఫోను చేసింది నువ్వొక్కదానివే. బాగుచేయడం నీకు తెలుసా?"

"ఒక్క లైను మారిస్తే చాలు. మీ అనుమతి కావాలి, అంతే."

"అనుమతెందుకు? ఉండు, మొత్తం నీ పేరునే రాసేస్తున్నా. ఇక అది నీది."

మార్లిస్ ఆ లైను మార్చింది. మ్యాపులు కదిలాయి.

"గెలిచావు పో!" అన్నాడు కర్టిస్.

ఆమె కాఫీ తెచ్చుకునేసరికి, వెండెల్ ఏళ్ళ తరబడి జవాబివ్వని ఫిర్యాదులన్నీ ఆమె పేరు మీదికి వచ్చి కూర్చున్నాయి. బ్యాంకులవాళ్ళు, విమానాలవాళ్ళు, ఊరూ పేరూ తెలియనివాళ్ళు. అందరిదీ ఒకటే పాట: ఇంకెప్పుడు?

"ఆఫీసు టైములో మాత్రం వాటి జోలికి పోకు. అది మన పని కాదు," అన్నాడు కర్టిస్ వెళ్ళిపోతూ.

వెండెల్‌కి మళ్ళీ ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

అన్నిటికన్నా పైనున్న ఫిర్యాదు తెరిచింది. "చేతకానప్పుడు ఎందుకు పెట్టుకున్నారు? మనిషన్నాక బాధ్యత ఉండక్కర్లేదా?"

పొద్దున తను రాసిందే.