ఓడేదాకా జంట

బంతి కనబడటం లేదు.

రానల్డ్ మోకాళ్ల మీద కూర్చుని, గడ్డకట్టిన గడ్డిలో చేతులు పెట్టి వెతుకుతున్నాడు. మంచులో కనబడాలని నారింజ రంగు బంతే తెచ్చాడు. అయినా ఆ పాడు గడ్డి మింగేసింది. సముద్రం మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది.

"లే రానల్డ్. పోతే పోయింది వెధవ బంతి," అంది ఇష్‌బెల్.

"పోతే ఓడిపోతాం!"

"ఓడితే ఏం, ఆకాశం ఊడిపడుతుందా? నా కాళ్లు కొయ్యబారిపోయాయి."

అతను ఇంకో గుబురు తడిమాడు. అతనికి ఏడుపొస్తోంది.

క్రెయిగ్‌నెస్ గోల్ఫ్ క్లబ్బులో చలికాలం జంటల పోటీ అంటే అంతే. ఎముకలు కొరికే చలిలో శనివారం శనివారం ఆడతారు. ఆడి, ఏడాదంతా గొప్పలు చెప్పుకుంటారు. జంటకు ఒకే బంతి. ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. మిగతావాళ్లు ఏటా జంట మార్చుకోవచ్చు. కప్పు గెలిచినవాళ్లు మాత్రం ఓడేదాకా అదే జంటగా దిగాలి. మధ్యలో తప్పుకుంటే స్కాట్లండ్‌లో ఆ మూల ఎవరూ మొహం చూడరు. తాతల నాటి పద్ధతి మరి!

రానల్డ్, ఇష్‌బెల్ మూడు చలికాలాలుగా ఓటమి ఎరగరు. ఈ రోజు ఓడితే వాళ్ల జంట ఆట ఇక్కడితో సరి. ఆ భయంతో రానల్డ్‌కు రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

చివరికి ఇష్‌బెల్ నిట్టూర్చింది. అతని బంతి ఎటు పోతుందో ఇరవై ఏళ్ల కాపురంలో ఆమెకు కంఠతా వచ్చింది. తిన్నగా ఒక పొద దగ్గరికి నడిచి కర్రతో చూపించింది.

"అదిగో, ఏడవకు."

ఎదుటి జంట డూగీ, ఊనా. ఊళ్లో రొట్టెల దుకాణం వాళ్లదే. డూగీకి నోరు ఊరుకోదు.

"ఒరే రానల్డ్, ఆ కప్పులో గుక్కెడు టీ కూడా పట్టదు కదరా! దానికోసం ఇంత యాతనా?"

"నీ పని నువ్వు చూసుకో."

"ఇష్‌బెల్, ఇవ్వాళ మిమ్మల్ని ఓడించి పుణ్యం కట్టుకుంటాం, చూడు."

"కట్టుకో బాబూ, నీకు దణ్ణం పెడతా," అని నవ్వింది ఇష్‌బెల్.

ఊనా నవ్వలేదు. మొగుణ్ణి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

ఆఖరి గుంట దాకా ఆట సమంగానే నడిచింది. సాయంత్రం టీవేళకే వెలుతురు తగ్గిపోయింది. డూగీ వాళ్లు ముందుగా ముగించారు. రానల్డ్ కొట్టిన బంతి దొర్లుకుంటూ పోయి, గుంటకు జానెడు దూరంలో ఆగింది. ఇక ఇష్‌బెల్ వంతు. ఇది పడితే సమం, ఇంకో గుంట ఆడవచ్చు. తప్పితే అంతే.

గుంటలో మంచు పేరుకుని ఉంది. బంతి పడినా పైకి తన్నేస్తుందేమోనని రానల్డ్ బోర్లా పడుకుని, తొడుగులు విప్పేసి, వట్టి వేళ్లతో ఆ మంచు గీకడం మొదలుపెట్టాడు. గోళ్లు చీలి రక్తం వచ్చింది. అతను ఆపలేదు. అంత పెద్దమనిషిని అలా చూడలేక డూగీ కూడా తల తిప్పుకున్నాడు.

ఇష్‌బెల్ అతన్ని రెక్క పట్టుకుని లేపింది. తన రుమాలు తీసి వేళ్లకు కట్టింది.

"ఎన్నాళ్లు రానల్డ్, ఇలా?"

"ఇంకొక్క శనివారం. ఒక్కటే."

"ప్రతి శనివారం ఇదే మాట."

ఇంత దగ్గరి బంతిని ఎవరూ కొట్టించరు. పడినట్టేలే అని ఎదుటివాళ్లు వదిలేస్తారు. ఊనా ఆ మాట అనడానికే నోరు తెరిచింది.

"వద్దు ఊనా," అంది ఇష్‌బెల్. "నేను కొడతాను."

రానల్డ్‌కు భయం వేయలేదు. ఆమె అభిమానం అతనికి తెలియనిదా? ఒకరు దయతలచి ఇస్తే పుచ్చుకునే రకం కాదు. పైగా ఇంత దగ్గరిది ఆమె ఏనాడూ తప్పలేదు.

ఇష్‌బెల్ బంతి ముందు నిలబడింది. గుంట వైపు చూడలేదు. అతని మొహం వైపు చూసింది, చాలాసేపు. తర్వాత కొట్టింది.

బంతి గుంట పక్కనుంచి వెళ్లిపోయింది.

గెలిచినవాళ్లు కేక వేయలేదు. డూగీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రానల్డ్ ఆ బంతినే చూస్తూ నిలబడ్డాడు.

ఆట అయ్యాక చేతులు కలపడం మర్యాద. ఇష్‌బెల్ తొడుగు విప్పి చేయి చాపింది. అతను పట్టుకున్నాడు, వదల్లేదు.

"ఇష్‌బెల్..."

"ఆ తడి మేజోళ్లు మార్చుకో. వేడివేడిగా ఏదైనా తాగు," అంది. "ఇక వదులు, రానల్డ్."

అతను వదిలాడు.

గేటు దగ్గర ఇంజను ఆపకుండా ఎదురుచూస్తున్న కారెక్కి, ఇష్‌బెల్ మొన్న వేసవిలో పెళ్లాడిన తన కొత్త భర్త పక్కన కూర్చుంది.