ఈసారి చలిగాలి కాదు

“ఆరోగ్య కార్డు?” అంది క్లినిక్‌లో బల్ల దగ్గరి అమ్మాయి.

పెద్దావిడ సిన్యోరా డోనాటా తన కార్డు టక్కున బల్లమీద పెట్టింది.

“మరి ఈవిడది?”

“ననూలికి కాగితాలింకా రాలేదు, అవి లేందే కార్డివ్వరుగా. జార్జియా దేశం నుంచి వచ్చి మూణ్ణెల్లేగా! ఇంట్లో నన్ను చూసుకునే పిల్ల. ఇప్పుడు నా సంచీ మోయడానికొచ్చింది.”

ననూలి కోటును పొట్టకు అదుముకుని తలూపింది.

డోనాటా వచ్చిందంటే డాక్టర్ లొరూసోకి హుషారు. ఇటలీలోని ఆ బారీ ఊళ్లో అందరిలాగే ఆవిడకూ ఏ జబ్బుకైనా కారణం ఒక్కటే, చలిగాలి. మెడ పట్టినా, కడుపు నొచ్చినా, చివరికి పన్ను ఊడినా తప్పు కిటికీదే.

“రండి సిన్యోరా! ఈసారి ఏ కిటికీ?”

“వేళాకోళాలు తర్వాత నాయనా, ముందు రాసుకో. నొప్పి కుడి డొక్క కింద. వేపుళ్లు తిన్న గంటకి మొదలవుతుంది. పట్టి పిండేసినట్టుంటుంది. అక్కణ్ణుంచి వీపులోకి, కుడి భుజానికి పాకుతుంది. మూడు గంటలు వదలదు. వారం నుంచీ ఇదే గోల...”

“ఎనిమిది,” అంది వెనక నిలబడ్డ ననూలి, మెల్లగా.

“ఆఁ, ఎనిమిది రోజులు. రెండుసార్లు వాంతి. నిన్న జ్వరం.”

డాక్టర్ కలం ఆగింది. వైద్య విద్యార్థులకు కూడా ఇంత చక్కగా చెప్పడం చేతకాదు. ఎనభై రెండేళ్ల మనిషి పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. భేష్ అనుకున్నాడు.

“గాల్‌బ్లాడర్‌లో రాళ్లు కావచ్చు. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుంది.”

కోటు ననూలి చేతుల్లోంచి జారిపోయింది. డోనాటా గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

“నయమవుతుందా? దాచకుండా చెప్పు నాయనా!”

“వెంటనే చూపిస్తే తప్పకుండా నయమవుతుంది. రాత్రి ఏం తిన్నారు?”

“వంకాయ వేపుడు. రెండు పళ్లాలు లాగించా!”

“మరి చలిగాలేమీ తగల్లేదా?”

“ఛ! ఈ నొప్పికీ గాలికీ ఏం సంబంధం?”

డాక్టర్ కలం కింద పెట్టాడు. ముసలావిడ మీద గౌరవం పొంగుకొచ్చింది. లేచి, తలుపు గడియ వేసి, రోగుల్ని పరీక్షించే మంచంమీద కొత్త కాగితం పరిచాడు.

డోనాటా వంగి బూట్లు విప్పబోయింది.

“మీరు కాదు సిన్యోరా, ననూలి.”