అమ్మను గుర్తుపట్టని నెట్‌వర్క్

బాగుచేయించిన ఫోనును నెట్‌వర్క్ మళ్ళీ చేర్చుకోవాలంటే, ఈ రోజుల్లో దాని సొంతదారు తాను ఎప్పుడూ మాట్లాడే తీరులో మాట్లాడి చూపాలి. ఐదింటిలోగా అమ్మ ఫోనుకు సిగ్నల్ వచ్చి రేషన్ షాపు ఓటీపీ అందకపోతే ఈ నెల బియ్యం పోయినట్టే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది కనుక, మర్యాదగా రెండు వాక్యాలు కాగితం మీద రాసి అమ్మ చేత బట్టీ పట్టించాను.

“అయ్యా, నా పేరు లచ్చవ్వ. దయచేసి నన్ను చేర్చుకోగలరు,” అంది అమ్మ, చేతులు కట్టుకుని.

“మీరు లచ్చవ్వ కాదు,” అంది నెట్‌వర్క్.

మూడుసార్లూ అదే జవాబు. నాలుగూ నలభై అయింది.

“ఇంకొంచెం వినయంగా చెప్పమ్మా,” అన్నాను.

“ఇంకెంత వంగాలెరా? నీ సదువు సల్లగుండ, పొద్దుగాల్నుంచి చిలుక లెక్క పలికిస్తున్నవ్! బియ్యం రాకుంటే నీ కాయితం వండుకొని తింటవా?”

“లచ్చవ్వగారూ, స్వాగతం!” అంది నెట్‌వర్క్. సిగ్నల్ గీతలు నాలుగూ వెలిగాయి.

అమ్మ నాలుక కరుచుకుంది. “తప్పయింది సారూ, మీరు ఇంటున్నరని సూసుకోలే. దయచేసి క్షమించగలరు.”

గీతలు ఆరిపోయాయి.

ఐదింటికి ఇంకా పది నిమిషాలుంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పొద్దున అమ్మ చేసిన పులుసులో ఉప్పెక్కువైందన్నాను.